అర్పా వంతెన దాటని బండి

కుదుదండ్, బిలాస్‌పూర్
4 మే 2025, ఆదివారం

అప్పకి,

సింహాచలం దండాలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. ఎండలు ఎక్కువ.

నీకు ఫోన్లో వినపడదు. నాకు ఫోన్లో మాట రాదు. అందుకని ఉత్తరం.

బావ పోయాక నువ్వు నాకిచ్చిన పెడల్ మోపెడ్ బయటికి తీశాను. రెండేళ్ళుగా జామచెట్టు కింద ఉంది. దసరాకి తుడిచి బొట్టు పెట్టేవాణ్ణి. నడపలేదు. ఇప్పుడు నడవాలి.

మనవరాలు స్వాతికి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. రైల్లో కర్గీ రోడ్ స్టేషన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి పోవాలి. సెమ్రా అని పల్లె. బస్సు లేదు. దారంతా అడవి. స్టేషన్ నుంచి టపా సంచి కూడా తనే తీసుకెళ్ళాలి. జులై ఒకటిన చేరాలి.

వాళ్ళ నాన్న వద్దన్నాడు. రాంప్రసాద్ ఇంజను డ్రైవరు కదా, బండి మధ్యలో ఆగడమంటే ఏమిటో వాడికి తెలుసు. "నేను ఆగిపోతే నా చేతిలో వాకీటాకీ ఉంది, ఎనకాల గార్డున్నాడు. అడవి మధ్యలో ఈ గుంటకి ఎవులున్నారు? ఛోడో" అన్నాడు. కొత్త బండి మాట ఉద్యోగం నిలబడ్డాక చూద్దామన్నాడు. బండి లేకుండా ఉద్యోగం ఎలా నిలబడుతుందని స్వాతి కంచం ముందు ఏడ్చింది.

అప్పుడు నేను "బావ బండి నేను నడిపిస్తాను" అన్నాను. అందరూ తినడం ఆపి నా వైపు చూశారు. బండి గురించి కాదు. నేను మాట్లాడినందుకు.

బండి స్టార్టవుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు బాగానే పోతుంది. అర్పా వంతెన మీద ఆగిపోతుంది. కాసేపాగి తొక్కితే మళ్ళీ స్టార్టవుతుంది. ఏం చెయ్యాలో రాయి.

సింహాచలం


కాశీబుగ్గ
10 మే

ఒరే సింహాచలం,

నాలుగు నెలలకి ఒక్క ఉత్తరం. అదీ బండికి జబ్బు చేసిందని. అప్ప ఎలా ఉందో అడిగావేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను. వెనకాల తెల్లగా ఉంది. బతికే ఉన్నానురా. మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. చెవులు ఎప్పుడో పోయాయి, వాటిని ఇప్పుడు కొత్తగా చెప్పుకోవడం దేనికి.

స్వాతికి నా తరఫున రెండు బుగ్గలూ గిల్లు. పోస్టమ్మ అవుతుందన్నమాట! అది బండి మీద ఒంటరిగా పోతుందని మీవాడికి భయమా? నేను మొదటిసారి పానా పట్టినప్పుడు ఈ కాశీబుగ్గ అంతా మా రిపేరు షాపు ముందు నిలబడి నవ్వింది. "జగన్నాథం పెళ్ళాం నట్లు బిగిస్తందటర్రా, సక్రాలూడిపోతాయి, సూసుకోండి" అన్నారు. ఎవరి చక్రమూ ఊడలేదు. మీ బావ పోయి రెండేళ్ళయినా బోర్డు మీద ఆయన పేరే ఉంది, కింద పనిచేసే చెయ్యి నాదే. ఆ రోజు నవ్వినవాళ్ళ మనవలు ఇప్పుడు పంచర్లకి నా దగ్గరికే వస్తారు. రాంప్రసాద్‌కి ఈ మాట వినిపించు. నువ్వు చెప్పలేకపోతే ఉత్తరం ముందు పెట్టు. తెలుగు చదవడం మరిచిపోలేదు కదా వాడు?

ఇక బండి. ఏం కంగారు లేదు. కాసేపాగి మళ్ళీ కదిలిందంటే ఇంజనులో ప్రాణం ఉంది, తిండే సరిగా అందడం లేదు. రెండేళ్ళు నిలవున్న టాంకులో తుప్పు రాలి ఉంటుంది. పాత పెట్రోలంతా వంపెయ్యి. టాంకు విప్పి, కొంచెం పెట్రోలు, గుప్పెడు చిన్న నట్లు వేసి పసిపిల్ల గిలక్కాయలా ఆడించు. ఎర్ర నీళ్ళు రావడం మానేదాకా కడుగు. కార్బురేటరు గిన్నె విప్పి జెట్టు తీసి సైకిలు పంపుతో గాలి కొట్టు. తీగ పెట్టి పొడిచావంటే ఊరుకోను. ప్లగ్గు ఏ రంగులో ఉందో చూడు. పెట్రోల్లో ఆయిలు కలుపుతున్నావా? టాంకు మూత బాగుందా? ఇవన్నీ చూసి రాయి.

ఈ ఉత్తరం అందిన మూడోనాటికి నువ్వు వంతెన దాటకపోతే నేను షాపు మూసేసి భజనలకి పోతాను.

మీ అప్ప
చిన్నతల్లి


కుదుదండ్
17 మే

అప్పకి,

నువ్వు బాగున్నందుకు సంతోషం. మొదటే అడగనందుకు తప్పయింది. మోకాళ్ళకి వేడి ఆముదం రాయి.

చెప్పినవన్నీ చేశాను. టాంకులో గుప్పెడు తుప్పు వచ్చింది. నాలుగుసార్లు కడిగాను. జెట్టుకి పంపుతో గాలి కొట్టాను. తీగ పెట్టలేదు. ప్లగ్గు ఇటుక రంగు. ఆయిలు కలుపుతున్నాను. టాంకు మూత చాలా బాగుంది. గట్టిగా పడుతుంది. బోర్లించినా చుక్క కారదు.

నిన్న పొద్దున్న తీశాను. చప్పుడు బాగుంది. బావ నడిపినప్పటి చప్పుడే. వంతెన మీదికి ఎక్కాను. సగంలో ఆగింది. మూత తీసి చూశాను. పెట్రోలు ఉంది. మూత పెట్టి తొక్కాను. స్టార్టయింది. తిరిగొచ్చేటప్పుడు ఇంటి సందు మొదట్లో మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత తీశాను, చూశాను, పెట్టాను, తొక్కాను. వచ్చేశాను.

వంతెన మీద పుచ్చకాయలమ్మే ఆవిడ నన్ను గుర్తుపట్టేసింది. "కా హోగే బబా?" అంటుంది, ఏమైంది తాతా అని. రోజూ అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. అక్కణ్ణుంచి తొందరగా పోవాలని ఉంటుంది. పోదు.

నువ్వు షాపు మూయొద్దు.

సింహాచలం


కాశీబుగ్గ
23 మే

సింహాచలానికి,

షాపు మూయను లే. నీ పుణ్యమా అని భజన బృందం బతికిపోయింది.

ఇక్కడ జీడిపిక్కలు కాల్చే పొగ ఊరంతా కమ్మింది. కళ్ళు మండుతున్నాయి, అయినా ఆ వాసన వస్తేనే నాకు అన్నం సయిస్తుంది. నీకు గుర్తుందా, చిన్నప్పుడు కాలిన జీడిపిక్క నోట్లో పెట్టుకుని పెదవి పొక్కించుకున్నావు? అమ్మ ఎంత అడిగినా ఏమైందో చెప్పలేదు. మూడు రోజులు గంజి తాగి పడుకున్నావు. నేను నీ నోరు తెరిచి చూస్తేగాని తెలియలేదు. డెబ్భై ఏళ్ళొచ్చినా నువ్వు అదే మనిషివి.

టాంకు కడిగావు, జెట్టు ఊదావు, మూత బాగుందన్నావు. కాబట్టి పెట్రోలు వైపు పని అయిపోయింది. ఇక కరెంటు వైపు. నా అనుమానం ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిలు మీద. పాత కాయిలు వేడెక్కితే సొమ్మసిల్లుతుంది. చల్లారితే లేస్తుంది. మూడు కిలోమీటర్లు పోయి ఆగడం, కాసేపాగి కదలడం, అచ్చంగా అదే. రాసి ఇమ్మంటే రాసిస్తాను.

మీ రైల్వే డిపోలో నీతో చేసిన అప్పలస్వామి పెళ్ళికని ఇటు వచ్చాడు. అతని చేత ఒక కాయిలు పంపుతున్నాను. మీ బావ డబ్బాలోది, మంచిది. సీటు కింద రెండు బోల్టులు విప్పితే పాతది వచ్చేస్తుంది. ఎర్తు తీగ తగిలేచోట రంగు గీకి బిగించు. కాయిలుకి చుట్టిన గుడ్డ ఆయన చేతి గుడ్డ. పారెయ్యకు.

వంతెన అవతల ఏముందో తరవాతి ఉత్తరంలో రాయి. దాటుతావు గనక అడుగుతున్నాను.

అప్ప


కుదుదండ్
2 జూన్

అప్పకి,

కాయిలు అందింది. అప్పలస్వామి ఇంట్లో గంట కూచున్నాడు. టీ ఇచ్చాను. ఇంకో టీ ఇచ్చాను. వెళ్ళేటప్పుడు "నీతో కూచుంటే గుళ్ళో కూచున్నట్టుంటాదిరా" అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియదు.

గుడ్డ దాచాను.

కాయిలు బిగించాను. రంగు గీకాను. బండి ఆగింది.

ఒకటి చూశాను. ఇక్కడ ఇప్పుడు నౌతపా, తొమ్మిది రోజుల మంట. ఆ ఎండలో మధ్యాహ్నం తీస్తే వంతెన చివరిదాకా పోతుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు తీస్తే వంతెనకి ముందే ఆగుతుంది. మొన్న స్వాతి టాంకు నిండా పోయించింది. ఆ రోజు ఇంకా తొందరగా ఆగింది. నువ్వు చెప్పిన కాయిలు జబ్బుకి ఇది కుదరడం లేదు. తప్పుగా అనుకోకు.

రాంప్రసాద్ ఒక మాట పెట్టాడు. జూన్ 29 ఆదివారం వాడికి డ్యూటీ లేదు. ఆ రోజు కర్గీ రోడ్ నుంచి సెమ్రా దాకా స్వాతి ఈ బండి నడపాలి. వాడు వెనక వేరే బండి మీద వస్తాడు. ఒక్కసారి ఆగినా ఇక ఉద్యోగం మాట ఎత్తకూడదు. స్వాతి సరేనంది. నన్నడగలేదు. తరవాత నా దగ్గరికొచ్చి "తాతా, టెన్షన్ మత్ లో. నువ్వు చేసెస్తావ్, నాకు తెలుసు" అంది.

నాకూ తెలుసు. ఎలాగో తెలియదు.

వంతెన అవతల రాజ్‌కిశోర్ నగర్ వైపు దారి ఉంది. ఇంకా పోలేదు.

సింహాచలం


కాశీబుగ్గ
8 జూన్

ఒరే,

ఎండలో ఎక్కువ దూరం పోతుందా? చల్లలో తక్కువ దూరమా? టాంకు నిండితే ఇంకా తొందరగా ఆగుతుందా? నలభై ఏళ్ళలో ఇలాంటి జబ్బు వినలేదు. ఎండకి ఇంజను ఏడుస్తుంది గాని నవ్వదు. మూడు రోజులు ఆలోచించాను. పంచరు వేస్తూ ఆలోచించాను, అన్నం కలుపుతూ ఆలోచించాను. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

తేల్చింది ఏమిటంటే, తప్పు బండిలో లేదు. నీ చేతుల్లో ఉంది. నిజం చెప్పు, నేను చెప్పినవన్నీ నువ్వే చేశావా, లేక ఏ మెకానిక్కుకో ఇచ్చి సిగ్గుపడి దాస్తున్నావా? చేతకాకపోతే బండి తిరిగి పంపించెయ్యి. మీ బావ బండి రోజూ వంతెన మీద నిలబడి పుచ్చకాయలమ్మేదాని చేత అయ్యో అనిపించుకుంటూంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఇలా రోజూ దారిలో ఆగిన బండి కాదు.

చివరిగా ఒక పని చెయ్యి. మీ డిపోలో రిపేరు బుక్కు ఉండేదని, రైలు పెట్టె మీద చెయ్యి వేసిన ప్రతిసారీ ఏం చేశారో అందులో రాసేవారని మీ బావతో అనేవాడివట. అలా రాయి. బండి నీ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా ఏం ముట్టుకున్నావో అంతా రాయి. చెడిందే కాదు, బాగున్నదీ, బాగుచేసిందీ కూడా రాయి. నువ్వు చెడిందొక్కటే చెబుతావు. అదీ అడిగితేనే.

నీ తీరే అంత. మీ బావ పోయినప్పుడు వచ్చి పదకొండు రోజులున్నావు. నాతో ఒక్క మాట అన్లేదు. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి అన్నారు. సొంత తమ్ముడివి, షాపులో గోడవైపు తిరిగి పానాలు తుడుస్తూ కూచున్నావు. అప్పుడే అడుగుదామనుకున్నాను. ఇప్పుడు కోపంలో వచ్చేసింది. కొట్టివేద్దామనుకున్నాను గాని కాగితం పాడవుతుంది.

చిన్నతల్లి


కుదుదండ్
14 జూన్, శనివారం

అప్పకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను.

నా చేతులు వణకవు. ఇప్పటికీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను. మెకానిక్కుకి ఇవ్వలేదు. బండి తిరిగి పంపమన్నావు. నీ బండే. 29 అయ్యాక పార్సిల్లో బుక్ చేస్తాను.

నువ్వడిగిన బుక్కు ఇది.

సెప్టెంబరు 2023. బండి పార్సిల్లో దిగింది. ఎడమ పెడలు వంగి ఉంది. నిటారు చేశాను. ఫిట్.

అదే ఏడాది దసరా. అంతా తుడిచాను. గొలుసుకి ఆయిలు పెట్టాను. చక్రాలకి గాలి. టాంకు మూత మీద నడిమధ్యన సన్నటి కన్నం కనిపించింది. తుప్పుకి పడినట్టుంది. చెట్టు కింద ఉంటే వాన నీళ్ళు టాంకులోకి పోతాయని, పైపుల లీకులకి పెట్టే ముద్దతో మూసేశాను. ఆరాక నోటితో ఊది చూశాను. గాలి పోలేదు. ఫిట్.

(మధ్యాహ్నం ఇక్కడ ఆపాను. ఇప్పుడు సాయంత్రం ఆరు. బుక్కు మిగతాది అక్కర్లేదు.)

ఫిట్ అని రాసి పెన్ను ఎత్తలేకపోయాను. చెబుతాను, నవ్వకు.

నా పని నీకు సరిగా తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. మా రోజుల్లో రైలు బ్రేకు వాక్యూమ్‌తో ఉండేది. పెట్టెల కింద పొడుగునా ఒక పైపు. అందులోంచి గాలి లాగేస్తేనే చక్రాలు వదులుతాయి. ఎక్కడన్నా చిన్న కన్నం ఉందా, గాలి లోపలికి దూరుతుంది, బ్రేకు పట్టేస్తుంది, బండి కదలదు. కన్నం దగ్గర సుయ్‌మని చప్పుడొస్తుంది. ముప్పయ్యెనిమిదేళ్ళు బండి పక్కన నడుస్తూ ఆ చప్పుడు వినడం, మూసెయ్యడం. అదే నా ఉద్యోగం. ఇంట్లో కూడా కన్నం కనిపిస్తే మూసేస్తాను. కోడలు రాజశ్రీ ఇడ్లీ పాత్ర మూతకున్న కన్నం కూడా ఒకసారి మూశాను. తిట్టింది.

వంతెన మీద నేను మూత తీసినప్పుడల్లా సుయ్‌మనేది. నెల్లాళ్ళు విన్నాను. విని, అచ్ఛా, నా సీలు ఎంత గట్టిగా పట్టిందో అని సంతోషించాను.

అది టాంకులోకి దూరే గాలి, అప్పా. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ చోటులోకి గాలి రావాలి. నేను రానివ్వలేదు. లోపల వాక్యూమ్ పట్టేసి పెట్రోలుని దిగనివ్వలేదు. నేను మూత తీస్తే గాలి దూరింది, బండి కదిలింది. టాంకు నిండితే గాలికి చోటు తక్కువ, అందుకే తొందరగా ఆగింది. ఎండకి లోపలి గాలి ఉబ్బింది, అందుకే కొంచెం దూరం పోయింది. నూనె డబ్బాకి రెండు కన్నాలు పెడతాం, ఒకటి నూనెకి, ఒకటి గాలికి. రాజశ్రీకి తెలుసు. నాకు తెలియలేదు.

గోనెసూది కాల్చి పొడిచాను. ముద్ద రాలింది. మూత కడిగి పెట్టాను. టాంకు నిండా పోయించాను, కావాలనే. ఎక్కాను.

వంతెన దాటింది. నేను ఆపలేదు. రాజ్‌కిశోర్ నగర్ చివరిదాకా పోయాను. అక్కడ నాకు పనేం లేదు. కొబ్బరిబోండం తాగి తిరిగొచ్చాను. పుచ్చకాయల కాలం అయిపోయింది, ఆవిడ ఇప్పుడు నేరేడు పళ్ళు పెట్టింది. నన్ను చూసి లేచి నిలబడి "ఆజ్ నఇ రుకిస్ బబా!" అని అరిచింది. ఇవాళ ఆగలేదు తాతా అని. నేను చెయ్యి ఊపాను. ఒక చేత్తో నడుపుతూ.

వాక్యూమ్ ఫిట్టరు చేసిన తప్పు ఇది. అప్పలస్వామికి చెప్పకు.

సింహాచలం


కాశీబుగ్గ
20 జూన్

ఓరి నా తమ్ముడా,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఎంత నవ్వానంటే పక్కనున్న టీ కొట్టు సింహాద్రి పరుగెత్తుకొచ్చి నోరు పెద్దగా తెరిచి "ఏటైపోనాదప్పా?" అన్నాడు. పెదాలు చూసి కనిపెట్టాను. చెబుదామంటే నవ్వు ఆగలేదు. తరవాత ఏడుపొచ్చింది. సింహాద్రి నీళ్ళు తెచ్చాడు.

ఆ కన్నం తుప్పుకి పడింది కాదురా. మీ బావ పెట్టింది.

అసలు మూత సోంపేట సంతలో ఎవడో కొట్టేశాడు. బజార్లో దొరికిన మూత పెట్టాం. దానికి కన్నం లేదు. మందస రోడ్డు మీద బండి ఇలాగే ఆగిపోతే ఆయన తోసుకుంటూ వచ్చాడు. చెమట తుడుచుకోకుండానే మూత నా చేతికిచ్చి, కన్నాలు పెట్టే బర్మా తీసి "గట్టిగా పట్టుకోయే, బర్మా జారితే నీ ఏలు పోతాది" అన్నాడు. పట్టుకున్నాను. కన్నం పడింది, బర్మా జారింది, నా బొటనవేలికీ పడింది. ఆయన నా వేలు నోట్లో పెట్టుకుని నిలబడిపోయాడు. షాపులో బేరాలున్నాయి, అయినా సరే. ఆ మచ్చ ఇప్పుడు చూసుకుంటూనే రాస్తున్నాను.

ఆ కన్నం ఉందని నాకు తెలుసు గనకే నిన్ను అడగలేదు. మూత బాగుందన్నావు, కన్నం బాగుందనుకున్నాను. నువ్వేమో కన్నం లేదు గనక బాగుందన్నావు. నలభై ఏళ్ళ మెకానిక్కు, ముప్పయ్యెనిమిదేళ్ళ ఫిట్టరు! ఇద్దరినీ కలిపి ఆ నేరేడు పళ్ళావిడ దగ్గర పనికి పెట్టాలి.

ఒక్కటి మిగిలింది. వాన భయం నీది నిజమే. మీ బావ కన్నం మీద సైకిలు ట్యూబు ముక్క ఒకటి గొడుగులా అంటించేవాడు. ఒక వైపే అంటించాలి, రెండోవైపు వదిలెయ్యాలి. గాలి దూరుతుంది, చుక్క దూరదు. పార్సిల్లో అది ఊడిపోయి ఉంటుంది. గోరంత ముక్క కత్తిరించి అంటించు. 29 లోగా చెయ్యి, అడవిలో అప్పటికి వానలు పట్టుకుంటాయి.

నీ చేతుల్లో తప్పుందని నేనన్నది వణుకుని కాదు. నీ చేతులు ఎలాంటివో నాకు తెలియదా? బండి తిరిగి పంపమన్నది కోపం. పార్సిల్ బుక్ చేశావంటే పలాస స్టేషన్లో దింపుకోను, అక్కడే తుప్పు పట్టాలి.

ఇంకొక్క మాట. కన్నం కనిపిస్తే మూసేసే అలవాటని రాశావు. నీ నోటికి ఎప్పుడు సీలు వేసుకున్నావో అది మాత్రం బుక్కులో రాయలేదు. ఆ గోనెసూది పారెయ్యకు.

స్వాతితో చెప్పు, ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం పెడలు సాయం చెయ్యమని. బండి వయసులో పెద్దది.

అప్ప


సెమ్రా పోస్టాఫీసు
3 జులై, గురువారం

అప్పకి,

పైన రాసిన ఊరు చూశావు కదా. బల్ల మీద కూచుని రాస్తున్నాను. స్వాతి లోపల సంచి విప్పుతోంది.

ఆదివారం సంగతి. బండిని ముందురోజు రైలు బ్రేక్‌వ్యాన్‌లో, సామాన్లతో పాటు, కర్గీ రోడ్ తెచ్చాను. ట్యూబు ముక్క అంటించాను, ఒక వైపే. ఆదివారం ముగ్గురం దిగేసరికి వాన. రాంప్రసాద్ స్టేషన్లో తన స్నేహితుడి మోటారు సైకిలు తీసుకున్నాడు, పెద్దది, కొత్తది. "నాన్నా, వర్షంలో వద్దు, మరో రోజు చూద్దాం" అన్నాడు. స్వాతి అప్పటికే స్టార్ట్ చేసింది. నేను రాంప్రసాద్ వెనక కూచున్నాను.

మూడు కిలోమీటర్లు. నాలుగు. స్వాతి ఎర్ర కోటు ముందు కనిపిస్తూనే ఉంది. నేను చప్పుడు వింటున్నాను. ఎక్కడా తగ్గలేదు. ఎత్తులో పెడలు కూడా తొక్కింది. అయిదో కిలోమీటరు దగ్గర వాగు దాటుతుంటే ఆగిపోయింది.

మా బండి. రాంప్రసాద్ నడిపేది. నీళ్ళు పోయాయి. వాడు ఎంత తన్నినా కదల్లేదు. అడవి మధ్యలో ఇద్దరం నిలబడ్డాం. అప్పుడు దూరంగా చప్పుడు వినిపించింది. స్వాతి వెనక్కి తిరిగొచ్చింది. దిగలేదు, ఇంజను ఆపలేదు. వాళ్ళ నాన్నని చూసి "పాపా, మీకు ఎనకాల గార్డున్నాడా?" అంది. వాడు "అచ్ఛా అచ్ఛా, నవ్వకు" అన్నాడు. తరవాత వాడూ నవ్వాడు. వాణ్ణి ఎక్కించుకుని సెమ్రా తీసుకెళ్ళింది. నేను పాడైన బండికి కాపలా ఉన్నాను. ప్లగ్గు తుడిచి పెట్టాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి అదీ స్టార్టయింది.

స్వాతి మంగళవారం చేరింది. మూడు రోజులుగా సంచి పెట్టుకుని వస్తోంది. ఒకసారీ ఆగలేదు. ఇవాళ నన్ను కూడా వెనక కూచోబెట్టుకుంది.

ఇప్పుడు నువ్వడిగింది. వచ్చేటప్పుడు రైల్లో ఎలా రాయాలో ఆలోచించాను.

బావ పోయినప్పుడు నాకు మాట రాలేదు. పదకొండు రోజులూ ఒక మాట కోసం వెతికాను. ఎవరు ఏమన్నా అది చిన్నదిగా అనిపించింది. ఆ పానాల మీద నూనె బావ పెట్టిందే. కొంచెమే తుడిచాను, మళ్ళీ అదే నూనె రాశాను. గోడవైపు తిరిగింది నువ్వు నా మొహం చూడకూడదని. నువ్వు వేరేగా అనుకున్నావని ఈ రెండేళ్ళూ నాకు తెలియదు.

నేను మూసింది బావ పెట్టిన కన్నమని తెలిశాక మూత మళ్ళీ విప్పాను. ఆయన గుడ్డతోనే తుడిచి బిగించాను.

బావ నన్ను ఎప్పుడూ మాట్లాడమని అడగలేదు. పక్కన కూచోనిచ్చేవాడు. అలాంటి మనిషి నాకు ఇంకొకరు లేరు. నాకే అంత ఉంటే నీకు ఎంత ఉంటుందో. ఇదే అప్పా, ఆ రోజు అనాల్సింది. రెండేళ్ళు లేటు.

స్వాతి ముద్ర పట్టుకుని నా పక్కన నిలబడింది. మూడు రోజులుగా ఈ ఊళ్ళో ఎవరూ ఉత్తరం వెయ్యలేదట. దాని చేతి మొదటి ముద్ర నీ కవరు మీదే పడుతుంది. వంకరగా పడినా ఏమీ అనకు.

నువ్వు జవాబు కుదుదండ్‌కి రాయకు. సెమ్రా పోస్టాఫీసు అని రాయి. నేను ఇక్కడికొచ్చి తీసుకుంటాను. కర్గీ రోడ్ నుంచి ఏడు కిలోమీటర్లు నీ ఉత్తరం బావ బండి మీద వస్తుంది.

తమ్ముడు
సింహాచలం